మిట్టెన్స్‌కు జంటదారం అల్లిక నేర్చుకోవాలా, మామూలు అల్లిక చాలదా?

కొర్లగుంట అమ్మ
మా పాప స్వీడన్‌లో ఉప్సాలాలో చదువుతా ఉంది. బస్టాపులో పది నిమిషాలు నిలబడితే వేళ్లు కొయ్యలైపోతున్నాయమ్మా అనింది మొన్న ఫోన్లో. మిట్టెన్స్ అల్లి పంపుదామని పట్టుకున్నా. బొటనవేలికి ఒక అర, మిగతా నాలుగు వేళ్లకూ కలిపి ఒకటే అర ఉంటుంది వాటికి. ఒకే ఉండ రెండు కొసలతో అల్లే పాత పద్ధతి, అదే జంటదారం అల్లిక, ఆ దేశంలో ఉంది. వారం నుంచి దాంతోనే కుస్తీ. మా వదినేమో, మామూలుగా అల్లి లోపల ఫ్లానెల్ గుడ్డ వేస్తే పోలేదా అంటుంది. మీరేమంటారు?

పలమనేరు చెల్లి
వదిన మాటే నా మాట అక్కా. జంటదారం శానా నిదానం. మామూలు అల్లికలో నాలుగు వరసలు అయ్యేలోపు ఇందులో ఒకటిన్నర కూడా కాదు. దారమూ జాస్తి పడుతుంది. చలికాలం పోయినాక పార్సెల్ చేరితే పాపకేం లాభం? అదీగాక ఈ అల్లిక సాగదు. కొలత ఒక వేలు తప్పినా చెయ్యి దూరదు.

తిరుచానూరు అత్త
నేనైతే నేర్చుకోమనే చెబుతా. పోయినేడు ఒక జత పూర్తి చేసినా కాబట్టి తెలుసు.

రెండు కొసలూ కుడిచేతిలోనే పట్టుకోవాల. ఒక కుట్టు ఒక కొసతో, పక్క కుట్టు రెండో కొసతో. మార్చిన ప్రతిసారీ వెనకున్న దారాన్ని ముందున్నదాని మీదుగా తేవాల. అట్లా కుట్టుకొక మెలిక పడి, తొడుగు లోపలివైపు అడ్డంగా సన్నటి తాళ్లు పేర్చినట్టు కనిపిస్తుంది. అది రెండో పొర లెక్క. గాలి దూరే సందు ఉండదు. కొంతసేపటికి దారాలు రెండూ ఒకదానికొకటి చుట్టుకుపోతాయి. అప్పుడు ఉండకు పిన్నీసు గుచ్చి వేలాడదీస్తే, అదే గిర్రున తిరిగి విడిపోతుంది. మా మనవరాలికి ఆ పని అంటే ప్రాణం.

1974లో ఆ దేశంలోనే ఫాలూన్ అనే రాగిగని ఊళ్లో ఇట్లాంటి తొడుగు ఒకటి బయటపడింది. 1680 నాటి గని చిట్టెం కింద దొరికింది. మూడొందల ఏళ్ల కిందటి వాళ్లు సరదాకి ఇంత తిప్పలు పడి ఉండరు కదా. లోపల వేసే గుడ్డ నాలుగు ఉతుకులకు ముడుచుకుపోయి వేళ్లకు అడ్డం పడుతుంది, అదీ చూసినా.

మదనపల్లి అన్న
అల్లిక సంగతి మీరు తేల్చుకోండి, దారం మాట నేను చెబుతా. అంగట్లో ఉలన్ అని ఇచ్చేది చాలావరకు అక్రిలిక్. చెమట పీల్చదు, లోపల చెయ్యి తడిసి ఇంకా చల్లబడుతుంది. అసలు ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమ పట్టుకున్నా తడి తెలియనివ్వదు. మా తాత కంబళి కప్పుకొని వానలో మంద కాసేవాడు. ఇప్పుడు మన పక్క జాస్తిగా కనిపించే నెల్లూరు గొర్రెకు ఉన్నే ఉండదు, ఉత్త వెంట్రుకలే. కాబట్టి ఉన్ని బయటినుంచి తెప్పించుకోవాల్సిందే. ఇంకొకటి, ఆ పాత పద్ధతికి వాళ్లు వాడే దారం పురి మనకు మామూలుగా దొరికేదానికి ఎదురు దిక్కు. అందుకే మన దారంతో అల్లేటప్పుడు ఉండను ఇంకా తొందర తొందరగా విడదీసుకోవాల.

పలమనేరు చెల్లి
ఉన్ని విషయం ఒప్పుకుంటా అన్నా. కానీ మొదటిసారి అల్లే మనిషికి బొటనవేలి దగ్గరే తప్పుతుంది. ఆడ వేరే రంగు దారంతో కుట్లు వేసి పెట్టుకొని, తర్వాత దాన్ని లాగేసి మళ్లీ సూదికి ఎక్కించాల. మెలికల మధ్య ఆ కుట్లు వెతుక్కోవడం నరకం.

కొర్లగుంట అమ్మ
నిన్న రాత్రి 24 కుట్లతో రెండు ముక్కలు అల్లినా, ఒకటి మామూలుగా, ఒకటి జంటదారంతో. టేబుల్ ఫ్యాన్ ముందు పెట్టి వెనకాల అరచెయ్యి ఆనించి చూసినా. మామూలుదాంట్లోంచి గాలి చల్లగా తగిలింది. రెండోదాని వెనక ఏమీ తెలియలేదు. వదిన కూడా చెయ్యి పెట్టి చూసి, ఇంక మాట్లాడలేదు.

జంటదారంతోనే అల్లుతా. బొటనవేలి అర మాత్రం ఈసారికి మామూలు అల్లికే, చెల్లి చెప్పిన భయం నాకూ ఉంది. అరచేతి చుట్టూ దారం చుట్టి, స్కేలు మీద కొలిచి పంపమన్నా పాపను. పొద్దున్నే వచ్చింది: 19 సెంటీమీటర్లు. సాగదంటున్నావు కదా చెల్లీ, ఎంత వదులు పెట్టమంటావు?