‘ముచ్చట’, ‘కబురు’: చాటింగ్‌కు మన మాట

చాటింగ్‌కు తెలుగు మాట ఏదని ఒక సోదరి అడిగితే చాలామంది ‘తక్షణ సందేశం’ అన్నారు. నాకు అది సరిపోదనిపించింది. సందేశం పంపి ఊరుకుంటాం. చాటింగ్‌లో ఇద్దరూ ఒకేసారి కూర్చుని మాట్లాడుకుంటారు. మా వరంగల్ వైపు దానికి తగిన మాట ‘ముచ్చట’. కోస్తా వారికి ముచ్చటంటే వేడుక, కోరిక; మాకు మాత్రం మాటామంతీ, సంగతీ. ‘ముచ్చట పెట్టుడు’ అంటే తీరికగా మాట్లాడుకోవడమే.

ఈ సాధనం పుట్టుక చూసినా ఈ మాటే నప్పుతుంది. 1973లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో, ప్లేటో అనే కంప్యూటర్ వ్యవస్థ మీద వచ్చిన టాకోమాటిక్ అనే చాటింగ్ ప్రోగ్రామ్‌లో ఒకరు కొట్టే ప్రతి అక్షరమూ అప్పటికప్పుడే అవతలివారి తెర మీద పడేది, తడబాటూ దిద్దుబాటూ సహా. 1988లో ఫిన్లాండ్‌లో యార్కో ఓయికరినెన్ రూపొందించిన ఐఆర్‌సీ (ఇంటర్నెట్ రిలే చాట్, నెట్‌లో పదిమంది కలిసి మాట్లాడుకునే వేదిక) అచ్చంగా రచ్చబండ: ఉన్నవారికే మాట వినబడేది, లేనివారి కోసం దాచిపెట్టేవారు లేరు. 1996లో ఇజ్రాయెల్ యువకులు తెచ్చిన ఐసీక్యూ అనే చాటింగ్ ప్రోగ్రామ్ మాత్రం ఎవరు లైన్‌లో ఉన్నారో చూపడంతో పాటు, లేనివారికి పంపిన మాటను దాచి తరువాత అందించేది. ముచ్చటలో కబురు కలిసింది అక్కడేనని నా అభిప్రాయం.

2003 ప్రాంతంలో హనుమకొండ చౌరస్తా దగ్గరి నెట్ సెంటర్‌లో కూర్చుని, యాహూ మెసెంజర్‌లో దుబాయిలోని మా అన్న పేరు పక్కనున్న బూడిదరంగు బొమ్మ ముఖం ఎప్పుడు పసుపుగా మారుతుందా అని కాచుకునేవాణ్ని. మారగానే ఇంగ్లీషు అక్షరాల్లో ‘ఏం ముచ్చటనే అన్నా’ అని కొట్టేవాణ్ని. అన్న టైపు చేస్తున్నాడని కింద కనిపించే ఆ ఒక్క వరుస చూస్తే ఎదురుగా కూర్చున్నట్టే ఉండేది.

2009లో వచ్చిన వాట్సాప్‌తో ఆ కాపు కాయడం పోయింది. పొద్దున పంపింది రాత్రి చూసుకుంటున్నాం. ఇది చాలావరకు కబురే. (కబురు అరబ్బీ ‘ఖబర్’ నుంచి వచ్చినా ఎప్పుడో మనదైంది.) కాబట్టి ఇద్దరూ ఉండి మాట్లాడుకుంటే ముచ్చట అనీ, పెట్టి ఉంచితే కబురు అనీ వేరుచేసి వాడుదామని నా మనవి. ఫోన్ మోగితే మా అమ్మ నేటికీ అడిగేది ఇదే: “అన్న కబురు పెట్టిండా, ముచ్చట పెడుతుండా?”

ఆదిలాబాద్, జగిత్యాల వైపు దీనికి వేరే మాట ఉంటే, ఆ వైపు వారు వాడుకతో సహా తెలియజేయగలరు.