రాజు ఉన్న దేశాన్ని ప్రజాస్వామ్యమని ఎలా అంటాం?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ప్రభుత్వ రూపాల గురించి చదువుతుండగా నాకు ఒకచోట చిక్కు ఎదురైంది. పాలించేవారు ఒక్కరా, కొందరా, అనేకులా అన్న లెక్కను బట్టి అరిస్టాటిల్ ప్రభుత్వాలను విభజించాడని మా పాఠ్యపుస్తకం చెబుతోంది. ఆ లెక్కన బ్రిటన్, నార్వే, బెల్జియం రాచరికాలే కావాలి. మనం మాత్రం వాటిని ప్రజాస్వామ్యాలంటున్నాం. మరోవైపు ఉత్తర కొరియా అధికారిక నామంలో 'ప్రజాస్వామిక', 'ప్రజా', 'గణతంత్రం' అనే మూడు మాటలూ ఉన్నాయి, అధికారం మాత్రం మూడు తరాలుగా ఒకే కుటుంబం చేతిలో ఉంది. ఒక ప్రభుత్వం ఏ రూపానికి చెందుతుందో తేల్చడానికి అసలు దేనిని చూడాలి? ప్రభుత్వం ఎందుకు పుట్టిందన్న చర్చకూ దీనికీ సంబంధం ఉందా?

సమాధానం 1:
మీ పాఠ్యపుస్తకం అరిస్టాటిల్ చెప్పినదానిలో సగమే చెప్పినట్టుంది. ఆయన ఎందరు పాలిస్తున్నారని మాత్రమే అడగలేదు, ఎవరి మేలు కోసం పాలిస్తున్నారని కూడా అడిగాడు. అందుకే ఆయన పట్టికలో మూడు కాక ఆరు రూపాలున్నాయి: ఒక్కడు అందరి మేలు కోరి పాలిస్తే రాచరికం, తన మేలు చూసుకుంటే నిరంకుశత్వం, కొందరి విషయంలో శ్రేష్ఠుల పాలన, దాని వికృత రూపంగా ధనికుల పాలన, అనేకుల విషయంలో ఆయన 'పొలిటియా' అన్నది మంచి రూపం కాగా, 'డెమోక్రసీ' అన్నది బీదలు తమ ప్రయోజనం కోసమే పాలించే చెడ్డ రూపం. ఈనాడు మనం గౌరవంగా పలికే ఆ మాటను ఆయన దోషంగా లెక్కించాడని గుర్తుంచుకుంటే, పేర్లను నమ్మి వర్గీకరించడం ఎంత పొరపాటో తెలుస్తుంది.

ఇక రాజు సంగతి. దేశాధినేత వంశపారంపర్యంగా వచ్చాడా లేదా అన్నది ఒక ప్రశ్న. నిర్ణయాలు నిజంగా ఎవరివి, వారు ఎవరికి జవాబుదారులు అన్నది పూర్తిగా వేరే ప్రశ్న. రాచరికమా, గణతంత్రమా అన్నది మొదటిదానితో తేలుతుంది, ప్రజాస్వామ్యమా కాదా అన్నది రెండవదానితో తేలుతుంది. బెల్జియంలో 1990లో జరిగినది చూడండి. పార్లమెంటు ఆమోదించిన గర్భస్రావ చట్టంపై సంతకం చేయడానికి తన మనస్సాక్షి ఒప్పుకోదని రాజు బొదువాన్ చెప్పారు. ఆయనను కాదనలేదు, చట్టాన్నీ ఆపలేదు. రాజు పాలించలేని స్థితిలో ఉన్నారని మంత్రివర్గం ప్రకటించి, రాజ్యాంగం ప్రకారం ఆయన అధికారాలను తానే చేపట్టి చట్టంపై సంతకాలు చేసింది. వెనువెంటనే పార్లమెంటు ఆయనకు అధికారాలను తిరిగి అప్పగించింది. కిరీటం ఎక్కడిదక్కడే ఉంది, నిర్ణయం మాత్రం ఎన్నికైన సభదే అయింది.

సమాధానం 2:
పై సమాధానంతో ఏకీభవిస్తూ, పుట్టుక గురించి కొంత చెబుతాను. పెద్ద చేప చిన్న చేపను మింగే మత్స్యన్యాయం నుంచి తప్పించుకోవడానికే జనం రాజును కోరుకున్నారని మహాభారతం శాంతిపర్వం చెబుతుంది. అందులో నాకు అన్నిటికన్నా నచ్చేది మనువు సంకోచం. మనుషులను పాలించడం కష్టమనీ, పాపం అంటుతుందనీ ఆయన వెనకాడితే, జనం పశువుల్లో, బంగారంలో యాభయ్యో వంతు, ధాన్యంలో పదో వంతు ఇస్తామని మాట ఇచ్చి ఒప్పించారు. పన్ను అనేది రక్షణకు ఇచ్చే ప్రతిఫలమన్న భావన అక్కడ స్పష్టంగా ఉంది.

ఆంగ్ల తత్వవేత్త హాబ్స్ కూడా ఇదే భయం నుంచి మొదలయ్యాడు. ఇంగ్లండు అంతర్యుద్ధంలో మునిగిన కాలంలో ఆలోచించి 1651లో ప్రచురించిన ఆయన గ్రంథంలో, ఒకసారి అధికారాన్ని అప్పగించాక జనం దానిని వెనక్కి తీసుకోలేరు. మరో ఆంగ్ల తత్వవేత్త లాక్ దృష్టిలో అది అప్పగింత కాదు, నమ్మకం మీద ఉంచిన సొత్తు. ఆ నమ్మకాన్ని వమ్ము చేస్తే అధికారం తిరిగి జనానికే చెందుతుంది. చరిత్రలో చాలా రాజ్యాలు దండయాత్రల వల్లా, మిగులు ధాన్యంపై పట్టు వల్లా ఏర్పడ్డాయి కాబట్టి, జనం అధికారాన్ని అప్పగించారనే ఈ ఒడంబడికను జరిగిన సంఘటనగా చదవకండి. అది అధికారానికి హద్దు ఎక్కడ గీయాలో చెప్పే వాదం. మీరడిగిన సంబంధం అక్కడే ఉంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. అయితే ఎన్నికైన సభ చేతిలో నిర్ణయం ఉంటే చాలునని అనుకోవచ్చా?

సమాధానం 3:
చాలదండీ. మొదటి సమాధానంతో నాకు భేదం ఉన్నది ఇక్కడే. 1933 మార్చి 23న జర్మనీ పార్లమెంటు తన శాసనాధికారాన్ని హిట్లర్ మంత్రివర్గానికి 444 ఓట్లతో ధారపోసింది. వ్యతిరేకంగా పడినవి 94, అవన్నీ సోషల్ డెమోక్రాట్లవే; కమ్యూనిస్టు సభ్యులను అసలు సభలోకే రానివ్వలేదు. సభ ఓటు వేసింది, ప్రజాస్వామ్యం మిగలలేదు. శాసనం చేసేవారూ, అమలు చేసేవారూ, తీర్పు చెప్పేవారూ ఒక్కరే కాకూడదని ఫ్రెంచ్ తత్వవేత్త మాంటెస్క్యూ 1748లోనే అన్నది ఇందుకే.

పశ్చిమ జర్మనీ 1949 రాజ్యాంగం ఆ గాయాన్ని గుర్తుపెట్టుకుంది. అక్కడ ప్రభుత్వాధినేత అయిన ఛాన్సలర్‌ను సభ దించాలంటే, ఆ ఓటుతోనే తర్వాతి ఛాన్సలర్‌ను ఎన్నుకోవాలి. 1982 అక్టోబరు 1న ష్మిట్ స్థానంలో కోల్ 256 ఓట్లతో వచ్చింది ఆ పద్ధతిలోనే. అమెరికా వంటి అధ్యక్ష తరహాలో సభ విశ్వాసం పోయినంత మాత్రాన అధ్యక్షుడు దిగడు. అభిశంసన ద్వారా తొలగించాలంటే సెనేట్‌లో హాజరైనవారిలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి, లేదా గడువు తీరాలి.

కాబట్టి ఏ దేశాన్ని చూసినా నేను మొదట అడిగేది, పాలకుడిని రక్తపాతం లేకుండా దించే దారి ఉందా, ఆ దారిని అతడు మూసేయబోతే ఆపగలిగేవారు ఉన్నారా అని. ఉత్తర కొరియాలోనూ ఎన్నికలు జరుగుతాయి. ఓటరు చేతిలోని బ్యాలెట్‌పై ముందే ఆమోదం పొందిన అభ్యర్థి పేరే ఉంటుంది.