ఆపరేషన్ తర్వాత పిల్లాడి చెవికి గింజలు అంటించడం: ఎవరైనా చేశారా?

బన్నీ వాళ్ళమ్మ
మావాడికి నాలుగేళ్లు. వచ్చే మంగళవారం టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్స్ ఆపరేషన్. ఆపరేషన్ కంటే మెలకువ వచ్చాక ఏమవుతుందోననే నా టెన్షన్. పోయినేడు హెర్నియాకి మత్తిచ్చినప్పుడు లేస్తూనే కాళ్లు తన్నుకున్నాడు, సెలైన్ ఎక్కించే క్యాన్యులా పీకబోయాడు. నా ఒళ్లో కూర్చుని, నా మొహంలోకే చూస్తూ "అమ్మ కావాలి" అని అరిచాడు. ఇరవై నిమిషాలు! ఇప్పుడు మా వదిన, చెవికి అంటించే గింజల ప్లాస్టర్లు పంపింది. అంటించి నొక్కుతుంటే శాంతిస్తాడట. నిజమేనా?

రికవరీ సిస్టర్
మాకు ఇది రోజూ ఉండేదేనండీ. మత్తు వదిలేటప్పుడు వచ్చే ఈ అయోమయాన్ని ఎమర్జెన్స్ డెలీరియం అంటారు. రెండు నుంచి ఆరేళ్ల పిల్లల్లో ఎక్కువ, సెవోఫ్లూరేన్ గ్యాస్‌తో మత్తిస్తే మరీను. కళ్లు తెరిచే ఉంటాయి, మనిషిని పోల్చుకోరు. చాలామందికి అరగంటలోపు దానంతటదే తగ్గుతుంది.

మీ వదినగారు చెప్పేది చెవి పైభాగంలో మూడు మూలల గుంట ఉంటుంది చూడండి, అక్కడి షెన్‌మెన్ పాయింటు, ఆక్యుప్రెషర్‌లో మనసు శాంతించడానికి నొక్కే చోటు. ఈ వైద్యంలో చెవి మీద ఒక్కో చోటు ఒంట్లో ఒక్కో భాగానిదంటారు; అలా చెవిని తలకిందులుగా ఉన్న గర్భస్థ శిశువులా చూపే పటాన్ని 1950లలో ఫ్రాన్స్ డాక్టర్ పాల్ నోజియే తెచ్చారు. ఆందోళన తగ్గిందన్న పరిశోధనలూ ఉన్నాయి, చాలావరకు చిన్నవే. నా అభ్యంతరం మాత్రం గింజతోనే. ఊడితే ముక్కులోకో నోట్లోకో పోతుంది. మగతలో ఉన్న పిల్లాడికి అది ప్రమాదం. పైగా టాన్సిల్స్ తీశాక చెవి పోటు వస్తుంది, గొంతుకీ చెవికీ పోయే నరం ఒకటే కాబట్టి. పోటున్న చెవిని నొక్కితే ఊరుకుంటాడా?

పోయినసారి జరిగింది మత్తు డాక్టరుగారికి ముందే చెప్పండి. మందులు మార్చుకుంటారు, ప్రొపోఫోల్, డెక్స్‌మెడిటోమిడిన్ లాంటివి ఉన్నాయి.

ఇద్దరు పిల్లల నాన్న
మా పాపకీ ఇలాగే అయినప్పుడు నేను "ఏమైందమ్మా, ఇటు చూడు" అంటూ పదిసార్లు కుదిపాను. ఇంకా రెచ్చిపోయింది. సిస్టర్ వచ్చి లైటు తగ్గించి, నన్ను నోరు మూసుకోమన్నారు, మర్యాదగానే లెండి.

బన్నీ వాళ్ళమ్మ
అయిపోయిందండీ. డాక్టరుగారికి చెప్పాను, రాసుకున్నారు. ఈసారి ఏడ్చాడు గానీ నన్ను గుర్తుపట్టాడు. మూడో రోజు చెవి పోటన్నాడు, సిస్టర్ గారు చెప్పినట్టే! డాక్టరుగారు రాసిన నొప్పి సిరప్ వేళకి పోస్తున్నా. నిద్రొస్తే నా చెవి తమ్మె పట్టుకోవడం వాడికి పాలు తాగే నాటి అలవాటు, ఇప్పుడూ అదే పట్టుకుని పడుకున్నాడు. ప్యాకెట్ విప్పలేదు, వదినకి ఇంకా చెప్పలేదు.