అంకణం అంటే ఎన్ని అడుగులు?

ఆదోని నుంచి: పాత దస్తావేజులో "మూడంకణాల మట్టిమిద్దె" అని ఉంది. అంకణం 72 చదరపు అడుగులని ఒకరు, 36 అని ఒకరు చెప్తున్నారు. ఏది సరి?

తాడిపత్రి నుంచి: రెండూ ఇక్కడ పనికిరావు సార్. 72 నెల్లూరు లెక్క, 36 తిరుపతి వైపు లెక్క. అవి స్థలం కొలిచేవి. మన మిద్దెకు అంకణమంటే దూలానికీ దూలానికీ నడిమి జాగా. మూడంకణాలంటే లోపల రెండే దూలాలు. ఆ కొసా ఈ కొసా దంతెలు (దూలాల మీద అడ్డంగా పరిచే సన్న కట్టెలు) నేరుగా గోడ మీదే కూర్చుంటాయి. వెడల్పు దంతె పొడవును బట్టి ఉంటుంది: పొట్టి కట్టె దొరికితే ఆరడుగులు, పొడుగుది దొరికితే ఎనిమిది. ఒకే ఇంట్లో కూడా అంకణాలు సమానంగా ఉండకపోవచ్చు. టేపు పట్టుకొని లోపలికి పోవాల్సిందే.

రాయదుర్గం నుంచి: కన్నడంలోనూ 'అంకణ' అనే అంటారు. పత్రికలో కాలమ్‌కూ అదే మాట. రెండు గీతల నడిమి జాగా కదా!

ప్రొద్దుటూరు నుంచి: ఈ మాటలో బరువు లెక్క కూడా ఉంది. అంకణం ఎనిమిదడుగులు, దూలం పది అనుకోండి. మీద అరడుగు మందాన చౌడు మట్టి పోస్తే 40 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 45 కిలోలు వేసినా 1,800 కిలోలు. నడిమి దూలం అటు సగం, ఇటు సగం మోస్తుంది, అంటే ఒక నిండు అంకణం. కొసకు 900 కిలోలు చొప్పున గోడ మీదికి దిగుతుంది. బండలు, కట్టె బరువు దీనికి అదనం. జానెడు జాగాలో అంత బరువు పడితే మట్టిగోడ దూలం కిందినుంచి నిలువునా నెర్రె పారుతుంది. అందుకే కొస కింద మూరెడు బండ పరుస్తారు.

ఆదోని నుంచి: వాకిలి మీద దూలం రాకూడదనేది ఇందుకేనా అన్నా?

తాడిపత్రి నుంచి: వాస్తు సంగతి ఎట్లున్నా, ఆ 900 కిలోలు ద్వారబంధం పైకమ్మి మీద పడితే అది నడుమ వంగుతుంది, తలుపు పట్టేస్తుంది. వాకిలిని అంకణం నడుమకు పెడితే దూలం బరువు పక్క గోడలోకి పోతుంది.

ప్రొద్దుటూరు నుంచి: కొలిచేటప్పుడు దూలం కొసల్ని కూడా రాయితో తట్టి చూడండి. మిద్దె కారిన నీళ్లు గోడలోని కొస దగ్గరే నిలుస్తాయి, చెదలు పట్టేదీ అక్కడే. డొల్లగా మోగితే గోడను కదిలించకముందే, కింద బండ వేసి దూలానికి గుంజ పోటు పెట్టండి.