సైకిల్ మీద బడికొచ్చే పిల్లలకు బీప్ టెస్టులో దమ్ము ఎందుకు చాలట్లేదు?

ఒంగోలు పీఈటీ:
తొమ్మిదో తరగతికి బీప్ టెస్టు, అంటే 20 మీటర్ల షటిల్ రన్ పెట్టాం: రెండు గీతల మధ్య బీప్ కొట్టేలోగా అటూ ఇటూ పరిగెత్తాలి, లెవెల్ పెరిగేకొద్దీ వేగం పెరుగుతుంది. కొత్తపట్నం వైపు ఊళ్ల నుంచి రోజూ నాలుగైదు కిలోమీటర్లు సైకిల్ తొక్కి వచ్చేవాళ్లలో సగం మంది ఐదో లెవెల్ దాటలేదు. ఆటోలో దిగేవాళ్లు కొందరు ఎనిమిది దాకా పోయారు. ఆడపిల్లలు చాలామంది మూడుకే ఆగారు. మార్చి మొదట్లో, మూడో పీరియడ్లో, ఇసుక నేల మీద పెట్టాం. ఆడియో ఫోన్లో నెట్ నుంచి, బ్లూటూత్ స్పీకర్‌తో. తప్పు టెస్టులో ఉందా, సైకిల్ తొక్కుడు అసలు లెక్కలోకి రాదా?

కావలి ట్రాక్:
ముందు టెస్టు సంగతి చూడండి సార్. ఆడియోలు రెండు రకాలు. ఒకటి గంటకు 8.5 కి.మీ. వేగంతో మొదలై నిమిషానికి 0.5 పెరుగుతుంది. ఇంకోటి 8తో మొదలై 9కి దూకి, అక్కణ్ణుంచి 0.5 చొప్పున పెరుగుతుంది. లెవెల్ నంబరు ఒకటే అయినా ఆడియో ఏదో తెలియకుండా పోల్చకండి, ఆఖరి వేగం రాసుకోండి. స్టాప్‌వాచ్ పెట్టి చూస్తే తెలిసిపోతుంది: 8.5 దగ్గర బీప్‌కీ బీప్‌కీ మధ్య 8.47 సెకన్లు, 12 దగ్గర సరిగ్గా 6.

బ్లూటూత్ ఆలస్యం పెద్ద బాధ కాదు, అన్ని బీపులకూ ఒకేలా ఉంటుంది. నెట్ ఆగి ఆగి రావడమే చేటు, ఆడియో డౌన్‌లోడ్ చేసి వాడండి. దూరం తాడుతో కొలవొద్దు, సాగుతుంది. స్టీల్ టేపు వాడండి.

ఇసుకలో అదే వేగానికి ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. గట్టి నేల ఉంటే సగం సమస్య అక్కడే తీరుతుంది. ఒక కాలు గీత మీద పెట్టి అక్కడికక్కడే తిరగాలి. పిల్లలు చుట్టూ గుండ్రంగా తిరిగొస్తారు, ప్రతిసారీ రెండు మూడు అడుగులు దండగ. మొదటి రెండు లెవెల్స్‌లో ఉరికి వెళ్లి గీత దగ్గర నిలబడేవాళ్లు కూడా త్వరగా అలిసిపోతారు. లయ తెలిసిన పెద్ద పిల్లాణ్ణి ముందు పరిగెత్తించండి. వరసగా రెండుసార్లు గీత అందకపోతేనే ఆపాలి, ఒక్కసారికే బయటికి పంపొద్దు. మూడో పీరియడ్ ఎండలో వచ్చిన అంకెను నమ్మను, ఉదయం ఎనిమిదిన్నర లోపే పెట్టండి.

నెల్లూరు ఫిజియో:
రోజువారీ కదలిక వేరు, ఏరోబిక్ సామర్థ్యం (మీరనే దమ్ము, ఒళ్లు ఆక్సిజన్ వాడుకోగల శక్తి) వేరు. రెండింటికీ సంబంధం ఉంది గానీ కౌమారంలో అంత గట్టిది కాదు. వంశపారంపర్యం, ఎదిగిన దశ, ఒంటి కొవ్వు కూడా అంకెను అటూ ఇటూ చేస్తాయి.

నాలుగు కిలోమీటర్లు ఇరవై నిమిషాల్లో వస్తే గంటకు 12. సమతలం రోడ్డు మీద అది మధ్యస్థ శ్రమ, మాట్లాడుతూ తొక్కొచ్చు. రానూపోనూ కలిపితే డబ్ల్యూహెచ్ఓ పిల్లలకు చెప్పిన రోజుకు సగటున 60 నిమిషాల శ్రమలో 40 నిమిషాలు అక్కడే తీరుతాయి, ఆరోగ్యానికి మేలే. కానీ ఆయాసపడే తీవ్రత లేకపోతే దమ్ము పెద్దగా పెరగదు. వారానికి కనీసం మూడు రోజులు తీవ్రమైన శ్రమ ఉండాలని అందుకే విడిగా చెప్పారు.

బీప్ టెస్టు వేగం నుంచి ఈ సామర్థ్యాన్ని అంచనా వేసే లెజే సూత్రం: 31.025 + 3.238×ఆఖరి వేగం − 3.248×వయసు + 0.1536×వేగం×వయసు. పద్నాలుగేళ్ల పిల్లాడు 10.5 దగ్గర ఆగితే కిలోకు నిమిషానికి సుమారు 42 మి.లీ. ఆక్సిజన్. అది మరీ తీసిపారేసే అంకె కాదు.

ఆడపిల్లల విషయంలో బద్ధకం అనే మాట పక్కన పెట్టి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. ఈ వయసులో 12 గ్రాముల కన్నా తక్కువుంటే రక్తహీనత, ఎంత పరిగెత్తించినా ఆక్సిజన్ మోసేది తక్కువ. బడిలో ఇచ్చే ఐరన్ మాత్ర ఖాళీ కడుపున వేయొద్దు, వికారానికి సగం మంది పారేస్తారు. మాత్ర వేసుకున్నాక గంట పాటు టీ కూడా వద్దు.

పొదిలి పీఈటీ:
మేడమ్ చెప్పిన తీవ్రత పీరియడ్లో ఎక్కడ దొరుకుతుందో చూడండి. ఖోఖోలో ఎనిమిది మంది కూర్చునే ఉంటారు, పరిగెత్తేది తరిమేవాడొకడూ తప్పించుకునే ముగ్గురూ. క్లాసు మొత్తానికి ఒక్కటే కోర్టు వేస్తే మిగతావాళ్లు చప్పట్లు కొట్టడమే. వారానికి రెండు మూడుసార్లు ఇది పెట్టండి: 15 సెకన్లు పరుగు, 15 సెకన్లు నిలబడటం, ఆరు నిమిషాలు. మూడు నిమిషాలు నడక, మళ్లీ ఆరు. మొదటి రెండు వారాలు నాలుగేసి నిమిషాలు చాలు.

దూరం అందరికీ ఒకటే పెట్టొద్దు. టెస్టులో ఆఖరి వేగానికి పది శాతం కలిపితే, 15 సెకన్లలో గంటకు 9 కి.మీ. దగ్గర ఆగినవాడికి 41 మీటర్లు, 10.5 వాడికి 48, 12 వాడికి 55. మూడు కోన్లు పెడితే ఒకే విజిల్‌కు అందరూ పరిగెత్తుతారు, వెనకబడ్డానన్న సిగ్గూ ఉండదు. పరుగులో ఛాతీ నొప్పి అన్నా, కళ్లు తిరిగి పడినా డాక్టర్ చూసేదాకా మళ్లీ దించొద్దు.

ఒంగోలు పీఈటీ:
గట్టి నేల పార్కింగ్ వైపు ఉంది, 25 మీటర్లు వస్తుంది. జూన్‌లో బడి తెరవగానే మళ్లీ పెట్టమంటారా?

కావలి ట్రాక్:
25 చాలు సార్, రెండు వైపులా ఆగడానికి చోటు మిగులుతుంది. జూన్ వద్దు, మన దగ్గర అప్పటికీ వడగాలి తగ్గదు, సెలవుల్లో ఒళ్లూ పట్టు తప్పి ఉంటుంది. జులై రెండో వారంలో ఒకటి, సెప్టెంబరు ఆఖరుకు ఇంకోటి, అదే నేల, అదే గంట. అక్టోబరు దాటితే వానలకు గ్రౌండ్ చేతికి రాదు.