వయసొస్తున్నా వదలని చిన్నప్పటి అలవాట్లు, మన వైజాగ్ వాళ్ళకి ఏమేం ఉన్నాయి?

ఉప్పుగాలి:

అందరికీ నమస్కారమండి. పోయిన నెల మా అమ్మాయి కొత్త కాపురం సర్దిపెట్టడానికి హైదరాబాద్ వెళ్ళాను. వంటింట్లో డబ్బాలన్నీ కడిగి ఆరబెట్టి పప్పులూ అవీ పోసి ఆఖర్న ఉప్పు డబ్బా తీసి, అడుగున గుప్పెడు బియ్యం వేసి దాని మీద ఉప్పు పోస్తుంటే "అదేంటమ్మా ఉప్పులో బియ్యం" అంది. చెమ్మ పీల్చుకుంటాయే, లేకపోతే ఉప్పు గడ్డ కట్టేస్తుంది కదా అన్నాను. "ఇక్కడ కట్టదమ్మా, ఇక్కడ సముద్రం లేదు కదా" అంది. చెయ్యి అలాగే ఆగిపోయింది. నాకు 52 ఏళ్ళు, ఇన్నేళ్ళల్లో ఆ బియ్యం ఎందుకేస్తున్నానని ఒక్కసారీ అనుకోలేదు, మా అమ్మ వేసేది కాబట్టి నేనూ వేస్తున్నా. అమ్మ పోయి రెండేళ్ళయింది.

మేము పెరిగింది పెదవాల్తేరులో, కరకచెట్టు పోలమాంబ గుడికి దగ్గర్లో. ఇంట్లోంచి సముద్రం కనపడదు గానీ దాని తడి తగలని వస్తువంటూ మా ఇంట్లో లేదు. ఏటా సంక్రాంతికి ముందు నాన్న కిటికీ ఊచల తుప్పంతా గరుక్కాగితంతో గీకి రెడ్ ఆక్సైడ్ కొట్టి ఆ మీద ఆకుపచ్చ రంగు వేసేవారు, రంగు డబ్బా పట్టుకునే డ్యూటీ నాది. అగ్గిపెట్టెలు నెమ్మెక్కిపోతాయని అమ్మ బియ్యం డబ్బాలో పెట్టేది. అప్పడాలు వేయించిన కాసేపటికే మెత్తబడిపోతాయని అందరూ కంచాల ముందు కూర్చున్నాకే నూనె పెట్టేది, నేను ఇప్పటికీ అంతే, ముందే వేయించి పెట్టమంటే నా వల్ల కాదు.

ఇంకోటుంది. మా అమ్మకి తూర్పు పడమర అనే మాట ఉండేది కాదు, సముద్రం వైపు, కొండ వైపు, అంతే. వీధుల సంగతి సరే, ఇంట్లో కూడా "బీరువాలో సముద్రం వైపు అరలో చూడు, నా నీలం చీర కింద ఉంటాయి తాళాలు" అనేది, మాకు ఠక్కున అర్థమైపోయేది. హైదరాబాద్‌లో ఉన్న పది రోజులూ నాకు ఏ వైపు ఎటో తెలియక ఏదోలా ఉండేది, ఆటో దిగిన ప్రతిసారీ సముద్రం ఎటుందా అని తల అటూ ఇటూ తిరిగేది.

మీలో ఇలాంటివి ఏమున్నాయి, ఎవరి దగ్గర్నుంచి వచ్చాయి? పెద్దవాళ్ళు తప్పకుండా రాయండి.

బురుజుపేట పెద్దాయన:

అమ్మా, నీ ప్రశ్న పొద్దున చదివాను, సాయంత్రం దాకా అదే బుర్రలో తిరిగింది. నాకు 63 నడుస్తోంది. కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి నాలుగిళ్ళ అవతల పుట్టి పెరిగాను, ఇప్పటికీ మార్గశిరం గురువారాలొస్తే మా వీధిలో నడవడానికి చోటుండదు.

నా అలవాటు ఏంటంటే రాత్రి పడుకోబోయే ముందు ఇల్లంతా తిరిగి ఏ కిటికీలోంచైనా వెలుతురు బయటికి పోతోందేమో చూస్తాను. కర్టెను అంచు పక్కకి జరిగుంటే సర్దుతాను. కరెంటు బిల్లు కోసం అనుకునేది మా ఆవిడ, పెళ్ళయిన చాలా ఏళ్ళకి గానీ అసలు సంగతి చెప్పలేదు.

1971 యుద్ధమప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. శత్రువులకి ఊరు కనపడకూడదని రాత్రిళ్ళు ఊరంతా చీకటి. మా నాన్న మైదా ఉడకబెట్టిన జిగురుతో కిటికీ అద్దాలకి నల్ల కాగితాలు అంటిస్తుంటే ఆ గిన్నె నేను పట్టుకున్నాను, వేడి జిగురు వేళ్ళకి అంటుకుంటే ఊదుకుంటూ నిలబడ్డాను. బళ్ళకి హెడ్‌లైట్లు సగం నల్లరంగు పూసుండేవి. వీధిలో ఈలలేసుకుంటూ తిరిగేవాళ్ళు, ఎక్కడ సన్నగా వెలుగు కనపడినా "ఎవర్రా అది, దీపం ఆర్పండి" అని కేకేసేవారు. మా అమ్మ బుడ్డి దీపం మీద గంప బోర్లించి ఆ గంప సందుల్లోంచి వచ్చే వెలుగులో మా నలుగురికీ అన్నం పెట్టేది. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పెద్ద చప్పుడైంది, అద్దాలు గడగడలాడాయి, అలమరలోంచి చెంబు పడి అలా దొర్లుకుంటూ పోయింది. అమ్మ మమ్మల్ని మంచం కిందకి తోసేసింది. అది ఏంటో తర్వాత తెలిసింది, మన యుద్ధనౌక విక్రాంత్ కోసం వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ మన హార్బర్ బయటే మునిగిపోయిందని. జాలర్లకి దాని తాలూకు ముక్కలు దొరికాయని ఊళ్ళో చాలా రోజులు చెప్పుకున్నారు.

బీచ్ రోడ్డులో ఆ యుద్ధం గుర్తుగా కట్టిన విక్టరీ ఎట్ సీ స్తూపం దగ్గరికి మనవడిని తీసుకెళ్ళి ఇదంతా చెప్పాను. మన దగ్గర నేవీ డే చేసినప్పుడు డిసెంబరు 4 రాత్రి ఓడలన్నీ ఒళ్ళంతా దీపాలు పెట్టుకుని సముద్రంలో వరసగా నిలబడతాయి చూశారా, జనం అంతా ఫోటోలు తీసుకుంటారు. నేను మాత్రం ఏం మాట్లాడకుండా చూస్తూ ఉండిపోతాను, గొంతు పట్టేస్తుంది. ఇంటికొచ్చి మళ్ళీ కర్టెన్లు సర్దుతాను.

సెక్టార్ కుర్రాడు:

పెద్దాయనా మీది చదివాక నాది చిన్న విషయమే అనిపిస్తోంది గానీ రాస్తా. మాది ఉక్కునగరం క్వార్టర్స్, నాన్న స్టీల్ ప్లాంట్‌లో బ్లాస్ట్ ఫర్నేస్‌లో, అంటే ఇనుము కరిగించే పెద్ద కొలిమి దగ్గర చేసేవారు, ఏ షిఫ్టు బి షిఫ్టు సి షిఫ్టు ఇదే మా ఇంట్లో క్యాలెండర్, సి షిఫ్టు అంటే రాత్రి పది నుంచి పొద్దున ఆరు, ఆ వారం నాన్న పగలు పడుకుంటారు కాబట్టి ఇల్లంతా గుసగుసే, అమ్మ కుక్కర్ పెట్టదు, గిన్నె కింద పెట్టాలంటే కింద గుడ్డ వేసి పెట్టేది, టీవీలో క్రికెట్ వస్తుంటే నేనూ తమ్ముడూ సౌండ్ మొత్తం తీసేసి బొమ్మే చూసేవాళ్ళం, సిక్స్ కొడితే నోటికి దిండు అడ్డం పెట్టుకుని అరిచేవాళ్ళం. ఇప్పుడు నేను బెంగళూరులో ఉంటున్నా, 37 ఏళ్ళు, ఇంట్లో పగలు ఎవరూ పడుకోరు, అయినా మధ్యాహ్నం అయితే చాలు మునివేళ్ళ మీద నడుస్తా, తలుపు గడియ రెండు చేతులతో పట్టుకుని చప్పుడవకుండా వేస్తా. ఆఫీసులో కూడా అంతే, "నువ్వు ఎప్పుడొచ్చి వెనకాల నిలబడతావో తెలీదు" అంటారు.

మా ప్లాంట్‌లో ఫర్నేసులకి నదుల పేర్లు, మొదటిది గోదావరి, రెండోది కృష్ణ, తర్వాత వచ్చినదానికి మాత్రం అన్నపూర్ణ అని పెట్టారు. చిన్నప్పుడు నాన్న ఇంటికొచ్చి "ఇవాళ గోదావరి బాలేదు, మధ్యలో వదిలి రాలేకపోయాం" అంటే నేను రాజమండ్రి గోదావరి అనుకుని అంత దూరం నుంచి రోజూ ఎలా వస్తున్నారా అని ఆశ్చర్యపోయేవాడిని. నాకు నాన్న అంటే ఇప్పటికీ ఆ మనిషే, నది బాగోకపోతే కనిపెట్టుకుని ఉండి ఆలస్యంగా ఇంటికొచ్చేవాడు.

జాలరిపేట పిల్ల:

ఉప్పుగాలి అక్కా, సముద్రం వైపు బీరువా అర అనగానే మా ఇల్లు గుర్తొచ్చేసింది. మాది పెద జాలరిపేట. అయ్య వేటకెళ్ళేవాడు, అమ్మ గంప నెత్తినెట్టుకుని చేపలమ్మేది. నేను ఇప్పుడు టీచర్ని, ఒకటో తారీఖుకి జీతం పడిపోతుంది. అయినా ఏప్రిల్ సగం దాటిందంటే నా చెయ్యి దానంతటదే ముడుచుకుంటుంది. బట్టలు కొనను, బయట తినను, సరుకులు కూడా సగమే తెస్తా. మా ఆయన గోదావరి జిల్లా వాళ్ళు, పెళ్ళైన కొత్తలో ఏటైనా కష్టమొచ్చిందా అని భయపడ్డారు. అప్పుడు చెప్పాను, ఏప్రిల్ 15 నుంచి వేట నిషేధం అండి అని. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి బోట్లు వెళ్ళకూడదు, మా చిన్నప్పుడు నెలన్నర ఉండేది, ఇప్పుడు జూన్ 14 దాకా 61 రోజులు. ఆ రోజుల్లో ఇంట్లో డబ్బు కనపడేది కాదు. అమ్మ అంతకు ముందే నెత్తళ్ళు, అదే చిన్న చేపలు, ఎండబెట్టి డబ్బాకెత్తేది, చోడి అంబలీ ఎండు నెత్తళ్ళూ, అదే తిండి. అయ్య ఒడ్డున కూర్చుని వల బాగు చేసుకునేవాడు, కాలి బొటనవేలికి వల తగిలించుకుని బిగలాగి పట్టుకుని చిరిగిన కన్ను దగ్గర దారం ముడేసేవాడు, ఒక్కో కన్నుకీ వేలు పెట్టి కొలత చూసేవాడు. నేను పక్కన కూర్చుని పలక మీద ఎక్కాలు రాసుకునేదాన్ని. పన్నెండో ఎక్కం మొత్తం ఆ వల పక్కనే వచ్చింది నాకు.

ఇది భయం వల్ల వచ్చిన అలవాటు అని ఎవరన్నా అంటే నాకు నచ్చదు. అయ్య ఆ నెలన్నరలో ఒక్కసారి కూడా మా మీద కసురుకోలేదు. నాకు ఆ రోజులంటే అయ్య ఇంట్లో ఉండే రోజులు.

మురళీనగర్ వాసి:

అందరివీ బాగున్నాయి గానీ నేను ఒక మాట అంటా, కొన్ని అలవాట్లు మన మీద ఉన్న బరువు కూడా కదా. మా అమ్మ పాల కవర్లు, తాళ్ళు, ఖాళీ సీసాలు ఏదీ పారెయ్యదు, అటక నిండిపోయింది, నేను మాత్రం అలా ఉండకూడదని గట్టిగా అనుకున్నా. అనుకున్నట్టే ఉన్నాను కూడా, 2014 దాకా.

హుద్‌హుద్ తుఫాను రోజు, అక్టోబరు 12 ఆదివారం. పొద్దుట్నుంచి గాలి. మధ్యలో ఒక్కసారిగా ఆగిపోయింది, అయిపోయిందనుకుని అందరం మెట్లు దిగి బయటికొచ్చాం, అప్పుడు రెండో వైపు నుంచి మొదలైంది, అది ఇంకా ఘోరం. మర్నాడు చూస్తే కొండల మీద ఆకు లేదు, మంటేసి కాల్చినట్టు గోధుమ రంగులో ఉన్నాయి. కరెంటు లేదు, నీళ్ళు లేవు, ఫోన్లు లేవు. అప్పుడు మూడు రోజులు మాకు తాగడానికి నీళ్ళు దొరికింది అమ్మ అటక మీద దాచిన సీసాల్లోనే, తుఫాను వస్తోందని విని శనివారం రాత్రే అన్నీ కడిగి నింపి పెట్టింది. ఇప్పుడు టీవీలో వాయుగుండం అన్న మాట వినపడితే చాలు నేను డ్రమ్ములు నింపడం మొదలెడతా. అటక మాత్రం ఇప్పటికీ ఖాళీ చెయ్యలేదు.

ఉప్పుగాలి:

మురళీనగర్ బాబూ, అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. బరువు అన్నమాట నిజమే, మా అమ్మకి ఇంకో అలవాటుండేది, ఎంత ఆకలేసినా అందరి తర్వాతే తినడం, మిగిలితే తినడం. అది మాత్రం నేను మా అమ్మాయికి రానివ్వలేదు, కావాలనే తనతో పాటు కూర్చుని తిన్నాను మొదట్నుంచీ. ఉప్పులో బియ్యం ఉన్నా పర్లేదు గానీ, అది మాత్రం పోవాలనే.

జాలరిపేట చెల్లీ, ఆ దారం ముడి సంగతి రెండు సార్లు చదివాను.

బురుజుపేట పెద్దాయన:

సెక్టార్ అబ్బాయీ, మీ నాన్నగారు ఎలా ఉన్నారు బాబూ? రిటైరయ్యారా? ఇప్పుడైనా రాత్రిళ్ళు నిద్రపోతున్నారా?

సెక్టార్ కుర్రాడు:

రిటైరై ఆరేళ్ళయింది తాతగారూ, కూర్మన్నపాలెంలో ఫ్లాటు కొనుక్కున్నాం. నిద్ర లేదండి, రాత్రి రెండింటికి లేచి బాల్కనీలో కూర్చుంటారు. దసరాకి వెళ్ళినప్పుడు నాకూ మెలకువ వచ్చింది, చప్పుడు కాకుండా తలుపు తీసుకుని వెళ్ళి పక్కన కూర్చున్నా. ప్లాంటు వైపు ఆకాశం ఎర్రగా ఉంది. చాలాసేపు చూసి, "గోదావరి బాగానే ఉన్నట్టుందిరా, పోయి పడుకో" అన్నారు.