నల్లా నీళ్ల టీడీఎస్ 280. ఆర్వో కావాలా, దండగా?

మూడో అంతస్తు
హైదరాబాద్‌లో 20 ఇళ్ల అపార్ట్‌మెంట్. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, మీటరు పెడితే టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) 280. బోరు నీళ్లు 900. ఎండాకాలంలో నల్లా చాలక రెండూ ఒకే సంపులో కలుస్తాయి, అప్పుడు కిచెన్ కుళాయిలో 550 దాకా చూపిస్తుంది. తాగడానికీ వంటకీ కలిపి ఇంటికి రోజుకు 15 లీటర్లు. ఆర్వో తప్పదని కొందరు, యూవీ (కిరణాలతో క్రిముల్ని చంపేది), యూఎఫ్ (సన్నని రంధ్రాల వడపోత) ఉన్న మిషను చాలని కొందరు అంటున్నారు. ఏదైనా సరే, ఎందుకో చెప్పండి. బ్రాండ్ల పేర్లు వద్దు.

ఉప్పుటేరు
ఆర్వో వద్దు. ఆర్వో పని కరిగిన లవణాల్ని తీసేయడం. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 (2012) ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు టీడీఎస్‌కు అభ్యంతరమే లేదు, వేరే నీటి దిక్కు లేనిచోట 2000 వరకు ఒప్పుకుంటుంది. మీ 280లో తీయాల్సిందేం లేదు. నల్లా నీళ్లతో అసలు ముప్పు క్రిములు. నీళ్లు వదలని రోజు పైపు ఖాళీ అవుతుంది, లీకున్న చోట పక్కనున్న మురుగును లోపలికి లాక్కుంటుంది. అందుకే నల్లా వచ్చిన మొదటి పది నిమిషాల నీళ్లు సంపులోకి వదలకుండా పారబోయాలి. మిగతాది యూవీ చూసుకుంటుంది. 500 లోపు టీడీఎస్ ఉన్నచోట ఆర్వోను నిషేధించమని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కేంద్ర పర్యావరణ శాఖకు చెప్పింది కూడా.

పానా12
ట్రిబ్యునల్ సంగతి అట్లుంచండి, ఇంటికొచ్చి ఎవరూ చూడరు. ఆర్వో పారబోసే నీళ్ల లెక్క చూద్దాం. మెంబ్రేన్ (ఆర్వోలో లవణాల్ని ఆపే పొర) మీద 75 జీపీడీ అని ఉంటే రోజుకు 75 గ్యాలన్లు, అంటే 284 లీటర్లు. నిమిషానికి దాదాపు 200 మి.లీ. మంచినీళ్లు. వేస్టు పైపులో ఎంత పోవాలో తేల్చేది ఎఫ్ఆర్, అదే ఫ్లో రెస్ట్రిక్టర్ అనే చిన్న ముక్క. దాని మీద 300 అని ఉంటే నిమిషానికి 300 మి.లీ. పోతుంది, 450 అని ఉంటే 450. 15 లీటర్లు పట్టాలంటే 300 ముక్కతో 22 లీటర్లు పైగా, 450 ముక్కతో 34 లీటర్ల దాకా మోరీలోకి.

మీ మిషను నిజంగా ఎంత పారబోస్తోందో తెలియాలంటే ఒక కొలత గ్లాసు చాలు. మంచినీళ్ల పైపు ఒక నిమిషం, వేస్టు పైపు ఒక నిమిషం పట్టి చూడండి. వేస్టు అయిదారింతలుంటే ఎఫ్ఆర్ పాడైంది, లేదా మెంబ్రేన్ మూసుకుపోయి మంచినీళ్ల ధారే సన్నబడింది. మిషను ఆగినా వేస్టు కారుతూనే ఉంటే కరెంటుతో తెరుచుకుని మూసుకునే సొలినాయిడ్ వాల్వులో చెత్త ఇరుక్కుంది. చలికాలంలో ధార కొంచెం తగ్గడం మామూలే, దానికి మెంబ్రేన్ మార్చక్కర్లేదు.

ప్రయోగశాల
ఉప్పుటేరు గారి సలహా నల్లా నీళ్లకు సరే, కానీ కారణం సగమే. టీడీఎస్ మీటరు నీళ్లలో ఏముందో చెప్పదు. అది చూసేది నీళ్లలో కరెంటు ఎంత పారుతుందన్నదే, దాన్ని ఒక గుణకంతో హెచ్చించి అంకె వేస్తుంది. టీడీఎస్ 400 ఉన్న బోరులో ఫ్లోరైడు లీటరుకు 3 మి.గ్రా. ఉన్నా మీటరుకు పట్టదు. ప్రమాణం 1.0, గత్యంతరం లేనప్పుడు 1.5. నైట్రేటు 45 దాటిందో లేదో ఆ అంకె చూసి చెప్పలేం, క్రిములు లక్షల్లో ఉన్నా అది కదలదు. నది నీటిని శుద్ధి చేసి పంపే నల్లాకు 280 చూసి ధైర్యపడొచ్చు, బోరుకు మాత్రం ఆ ధైర్యం కుదరదు. మీ సంపులో కలిసే బోరు గురించి ముందు తెలుసుకోండి.

ఫ్లోరైడు, నైట్రేటు, గట్టిదనం (నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం) పరీక్షకు లీటరు ప్లాస్టిక్ సీసా చాలు. అదే నీళ్లతో మూడుసార్లు తొలిచి నింపండి. ఫ్లోరైడుకు గాజు సీసా వాడకండి. క్రిముల పరీక్షకైతే ల్యాబే శుద్ధి చేసిన సీసా ఇస్తుంది, దాన్ని తొలవకూడదు. చల్లగా ఉంచి వీలైతే 6 గంటల్లో, ఎంత ఆలస్యమైనా 24 గంటల్లో చేర్చాలి.

ఉప్పుటేరు
బోరు విషయం ఒప్పుకుంటున్నా. పన్లోపనిగా ఒక మాట. ఇంటికొచ్చి రెండు గ్లాసుల్లో కరెంటు కడ్డీలు ముంచి, మీ గ్లాసు తుప్పు రంగుకు తిరగ్గానే 'చూశారా విషం' అనే వాళ్లను నమ్మకండి. ఆ రంగు కడ్డీలోని ఇనుము కరిగి వచ్చింది. ఆర్వో నీళ్లలో లవణాలు లేవు కాబట్టి కరెంటు పారదు, రంగు రాదు. ఆ ఆర్వో గ్లాసులోనే చిటికెడు ఉప్పు వేయించి మళ్లీ ముంచమనండి, అదీ అలాగే తిరుగుతుంది.

వంటింటిలెక్క
అందరూ తాగే నీళ్ల దగ్గరే ఆగిపోయారు. 15 లీటర్లలో సగం వంటకే కదా. బోరు నీళ్లలో కందిపప్పు విజిళ్ల మీద విజిళ్లొచ్చినా బద్ద బద్దగానే ఉంటుంది. నీళ్లలోని కాల్షియం పప్పు గింజలోని పెక్టిన్‌ను (కణాల్ని అంటిపెట్టే జిగురును) బిగబడుతుంది, అందుకని మెత్తబడదు. టీ మీద తెట్టు కట్టేదీ ఆ గట్టిదనం వల్లే. యూవీ, యూఎఫ్ రెండూ గట్టిదనాన్ని ముట్టుకోవు. 550 వచ్చే మూడు నెలలు పప్పుకేం చేయమంటారు?

గట్టిదనం తెలుసుకోవడానికి మీటరు కూడా వద్దు. మూతున్న సీసాలో సగానికి నీళ్లు పోసి, బట్టల సబ్బు తురుము చిటికెడు వేసి ఆడించండి. నురగ రాకుండా పెరుగు విరిగినట్టు తేలితే గట్టి నీళ్లే. డిటర్జెంట్ పొడితో చేస్తే తేడా తెలీదు, సబ్బే కావాలి.

మంచినీళ్లబావి
ఆర్వో పెడితే కాల్షియం మొత్తం పోయి ఎముకలు దెబ్బతింటాయి, అందుకే వద్దని నా వాదన.

ప్రయోగశాల
బావి గారూ, ఆ లెక్క నిలబడదు. నీళ్లలో కాల్షియం లీటరుకు 60 మి.గ్రా. ఉందనుకున్నా రోజుకు రెండు లీటర్లకు 120. గ్లాసు పాలలోనే అంతకు రెట్టింపు ఉంటుంది. పాలు, పెరుగు, రాగులు తినే ఇంట్లో నీళ్ల వాటా చిన్నది. ఆర్వో మీద నిజమైన ఫిర్యాదులు వేరే ఉన్నాయి. నీళ్లు చప్పగా ఉంటాయి, లవణాలు మరీ తగ్గితే కొంచెం ఆమ్లం వైపు మొగ్గుతాయి. పైగా కార్బన్ ఫిల్టరు క్లోరిన్‌ను తీసేస్తుంది. తీయకపోతే మెంబ్రేన్ పాడవుతుంది కాబట్టి తీయక తప్పదు. దాంతో మిషను ట్యాంకులో నిలవున్న నీళ్లకు కాపలా ఉండదు. ఊరెళ్లి వారం తర్వాత వచ్చి అందులో నీళ్లు తాగడం నల్లా నీళ్లకంటే ప్రమాదం. ట్యాంకు పూర్తిగా వదిలేసి, మళ్లీ నింపి అప్పుడు తాగాలి.

పానా12
చప్పదనం అంటే అందరూ టీడీఎస్ కంట్రోలర్ తిప్పుతారు. అది ఖనిజాలు కలిపే మంత్రం కాదన్నా, మెంబ్రేన్ దాటకుండా పక్కనుంచి పచ్చి నీళ్లు కలిపే వాల్వు. బోరు నీళ్లున్న ఇంట్లో దాన్ని పూర్తిగా మూసెయ్యాలి. లేకుంటే ఆర్వోకు పెట్టిన డబ్బులెందుకు?

ప్రయోగశాల
పూర్తిగా మూయక్కర్లేదు, లెక్క వేస్తే తెలుస్తుంది. బోరు 900, ఫ్లోరైడు 3. మెంబ్రేన్ దాటాక టీడీఎస్ 60, ఫ్లోరైడు 0.15 అనుకుందాం. కలిపాక 150 రావాలంటే పచ్చి నీళ్లు 11 శాతం లోపే, ఫ్లోరైడు 0.45 అవుతుంది, పర్వాలేదు. రుచి కోసం 400కు తిప్పితే పచ్చి నీళ్లు 40 శాతం, ఫ్లోరైడు 1.3. అక్కడ మాత్రం మీరన్నది నిజం.

పానా12
లెక్క సరే. కానీ ఆ వాల్వు ఒకసారి తిప్పి వదిలేస్తారు. జనవరిలో 280కి సరిపెట్టింది మేలో 550కి అట్లనే ఉంటుంది. ఎవరు స్క్రూ తిప్పుతూ కూర్చుంటారు? నా మాట మూసెయ్యమనే.

కొలిచేటప్పుడు ఇంకో సంగతి. రాత్రంతా ఆగిన మిషను నుంచి పొద్దున మొదట వచ్చే నీళ్లు కొలవొద్దు. ఆగి ఉన్నప్పుడు లవణాలు మెంబ్రేన్ దాటి మెల్లగా ఇటు చేరతాయి, అంకె ఎక్కువ చూపిస్తుంది. పది నిమిషాలు నడిచాక కొలవండి. కంట్రోలర్ మూసి ఉండగా లోపలికి పోయేదానిలో పదో వంతు లోపు రావాలి. 550 పోయి 50 వస్తే బాగున్నట్టు, 150 వస్తే మెంబ్రేన్ అయిపోయినట్టు.

ఉప్పుటేరు
యూవీ తీసుకునేవాళ్లకు కూడా రెండు ముక్కలు. దీపం నీలంగా వెలుగుతోంది కదా అని ఏళ్ల తరబడి వదిలేస్తారు. క్రిముల్ని చంపేది 254 నానోమీటర్ల కిరణం, అది కంటికి కనిపించదు. కనిపించే నీలం ఉన్నా ఆ కిరణం తగ్గిపోయి ఉంటుంది, ఏడాదికోసారి మార్చాల్సిందే. దీపం చుట్టూ ఉండే క్వార్ట్జ్ గొట్టానికి తెల్ల గార పడితే కిరణం నీళ్లను చేరదు. కరెంటు తీసేసి, గొట్టం విప్పి, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపిన నీళ్లలో అరగంట నానబెట్టి మెత్తటి గుడ్డతో తుడవండి. నీళ్లు మసకగా ఉన్నా యూవీ పనిచేయదు, అందుకే దాని ముందు 5 మైక్రాన్ల ఫిల్టరు ఉంటుంది. కరెంటు పోతే యూవీ లేనట్టే, యూఎఫ్ మాత్రం పనిచేస్తుంది. అయితే వైరస్‌ల విషయంలో యూఎఫ్ ఒక్కదాన్నే నమ్మలేం.

వంటింటిలెక్క
వేస్టు నీళ్లను ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. బకెట్లో పట్టి మొక్కలకు పోయొచ్చా?

ప్రయోగశాల
లోపలికి వెళ్లేది 280 అయితే, 40 శాతం మంచినీళ్లుగా వచ్చే మిషనులో వేస్టు దాదాపు 460. తోటకూరకైనా పోయండి. 900 అయితే వేస్టు 1460 దాటుతుంది. కుండీల్లో ఉప్పు పేరుకుని ఆకుల అంచులు మాడతాయి. బాత్రూముకు, బయట మెట్లు కడగడానికి వాడండి. గ్రానైటు తుడిస్తే తెల్ల మచ్చలు మిగులుతాయి.

మూడో అంతస్తు
అయితే అసలు గొడవ సంపు దగ్గరే ఉంది. నల్లా నీళ్లు విడిగా పైకి తెచ్చుకుంటే ఆర్వో లేకుండా గడిచిపోతుందా?

ఉప్పుటేరు
గడుస్తుంది, పప్పు కూడా ఉడుకుతుంది. కానీ మీ ఒక్క ఇంటికి పైపు వేసి లాభం లేదు. మూడో అంతస్తుకు నల్లా ఒత్తిడి ఎక్కడం కష్టం. దానికి నేరుగా మోటారు బిగిస్తే మొదట చెప్పిన మురుగును మీరే లాగినట్టు, అది నిబంధనలకూ విరుద్ధం. బిల్డింగంతా కలిసి చేయండి. 20 ఇళ్లు, 15 లీటర్లు, రెండు రోజులు అంటే 600 లీటర్లు. నల్లా మీటరు తర్వాత, సంపుకు ముందు ఒక టీ (మూడు దారుల పైపు ముక్క) బిగించి, కింద 750 లీటర్ల ట్యాంకుకు తిప్పండి. అందులో ఫ్లోట్ వాల్వు పెడితే ట్యాంకు నిండగానే అది మూసుకుని, మిగతా నీళ్లన్నీ సంపులోకి వెళ్తాయి. అక్కడి నుంచి అర హెచ్‌పీ మోటారుతో పైన చిన్న ట్యాంకుకు, దాని నుంచి ఒక్కో కిచెన్‌కు అరంగుళం పైపు.

ప్రయోగశాల
ఆ ట్యాంకు నల్లదై ఉండాలి, వెలుతురు దూరితే నాచు పడుతుంది. శుద్ధి కేంద్రంలో వేసిన క్లోరిన్ మీ దాకా లీటరుకు కనీసం 0.2 మి.గ్రా. మిగలాలని ప్రమాణం, కానీ ట్యాంకులో రెండు రోజులుంటే అదీ తగ్గిపోతుంది. కాబట్టి కిచెన్‌లో యూవీ తప్పదు. ఈ ఏర్పాటుకు కమిటీ ఒప్పుకోకపోతే, పైగా బోరు పరీక్షలో ఫ్లోరైడు ఎక్కువొస్తే మాత్రం నా ఓటు ఆర్వోకే.

పానా12
అట్లా ఆర్వో పెడితే ఎండాకాలానికి 450 ఎఫ్ఆర్ వేయించండి. నీళ్లు ఆదా అని 300 పెడితే గట్టి నీళ్లకు మెంబ్రేన్ మీద గార తొందరగా కడుతుంది. ఇంకోటి, కింద ట్యాంకు 750 కాదు, 1000 తీసుకోండి. నల్లా ఒక్క రోజు ఆలస్యమైనా 900 లీటర్లు కావాలి, 750 ట్యాంకులో 150 తక్కువ పడతాయి.